దాచిపెడితే తీరే లోపం కాదు

"ఆ పిల్ల ఇంకా పెద్దమనిషి కాలేదటమ్మా!" అని ఇరుగుపొరుగు గుసగుసలాడుకోవడం మనలో చాలామంది విన్నదే. మొక్కులు మొక్కుతారు, చిట్కావైద్యాలు చేస్తారు. రక్తపరీక్ష చేయించాలని మాత్రం తోచదు.

ఆలస్యమంతా జబ్బు కాదు. కాని కొందరు బాలికల్లో దీనికి మూలం టర్నర్ సిండ్రోమ్. 1938లో అమెరికా డాక్టరు హెన్రీ టర్నర్ ఏడుగురిలో దీని లక్షణాలను వర్ణించాడు. 1959లో ఇంగ్లండులో ఛార్లెస్ ఫోర్డ్ బృందం అసలు కారణం కనిపెట్టింది. స్త్రీకి ఉండవలసిన రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పూర్తిగానో, కొంతభాగమో లోపించడమే ఆ కారణం. సుమారు 2000 నుంచి 2500 మంది ఆడశిశువుల్లో ఒకరికి ఇది వస్తుంది.

వీళ్లు పొట్టిగా ఉంటారు. వైద్యం లేకపోతే తోటివారి కన్నా సగటున 20 సెంటీమీటర్లు తక్కువే ఎదుగుతారు. అండాశయాలు సరిగా పనిచేయవు. కొందరికి గుండె, మూత్రపిండాలు, వినికిడి సమస్యలు కూడా ఉంటాయి. తెలివితేటలు మాత్రం మామూలుగానే ఉంటాయి. లెక్కల్లో కొందరు కాస్త వెనుకబడవచ్చు, అంతే.

ఇందులో తల్లి తప్పేముంది? ఆమె తిన్న తిండివల్లో, గ్రహణంవల్లో వచ్చేది కాదు. సాధారణంగా వంశపారంపర్యమూ కాదు. కణవిభజనలో యాదృచ్ఛికంగా జరిగే పొరపాటు. అయినా కోడలినే ఆడిపోసుకునే అత్తగార్లు మనకు కొరవా?

క్రోమోజోమును తెచ్చి పెట్టలేం, నిజమే. కాని ఎముకలు ముదరకముందే గ్రోత్ హార్మోన్ ఇస్తే పొడవు కొంత పెరుగుతుంది. 11, 12 ఏళ్లప్పుడు ఈస్ట్రోజన్ మొదలుపెడితే యుక్తవయస్సు మార్పులు వస్తాయి, ఎముకలూ గట్టిపడతాయి. అందుకే ప్రతి బడిలో ఏటా పిల్లల ఎత్తు కొలిచి రాయాలంటాను. ఒక టేపు, ఒక రిజిస్టరు చాలు. ఎదుగుదల వెనుకబడిన పిల్లనూ, 13 ఏళ్లు నిండినా మార్పులు మొదలుకాని పిల్లనూ డాక్టరుకు చూపించాలి.

ఇక అసలు సంగతి. "బయటపడితే సంబంధాలు రావండీ" అని తల్లిదండ్రులు ఆ పిల్లకే నిజం చెప్పకుండా దాస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కాని ఒప్పుకోలేను. గుండెను జీవితమంతా పరీక్ష చేయించుకోవలసిన మనిషికి ఆ సంగతే తెలియకపోతే ఎలా? ఏమీ తెలియకుండా పెళ్లిచేసుకుని, ఆ తర్వాత "గొడ్రాలు" అనే మాట పడవలసింది ఆ అమ్మాయే గదా! వీళ్లలో సహజంగా గర్భం రావడం అరుదు. ఇతరుల అండంతో ప్రయత్నించినా గుండెకు ప్రమాదం ఉండవచ్చు. అటువంటి నిర్ణయం తీసుకోవలసింది ఆమె. తన ఒంటి సంగతి తెలుసుకునే మొదటి హక్కు ఆమెదే.

చదువుకుని, ఉద్యోగాలు చేసి, నిండుగా బతుకుతున్న టర్నర్ స్త్రీలు ఎందరో ఉన్నారు. ఆడదాని విలువ కడుపు పండటంలోనే ఉందనే పాతకాలపు లెక్క మారాలి. చదువుకున్న మనం మార్చకపోతే ఇంకెవరు మారుస్తారు, మిత్రులారా?