పిల్లవాని ఊపిరి వినుడి



మా సంఘములోని ఒక చిన్నవాడు సండేస్కూలులో కూర్చున్నచోటనే కునికేవాడు. మెలకువగా ఉంటే ఒకచోట నిలువడు. "సోమరీ" అని నేనే వానిని అందరి యెదుట మందలించాను.

కొన్నాళ్లకు వాని తల్లి ఒక కాగితము తెచ్చింది. "అయ్యగారూ, పట్నములో గొంతు డాక్టరుగారు దీనిని నింపి తెమ్మన్నారు. అంతా ఇంగ్లీషు" అన్నది.

అందులో 22 ప్రశ్నలు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు డాక్టర్ రోనాల్డ్ చెర్విన్, ఆయన తోటివారు 2000 సంవత్సరములో ప్రచురించినవి. బిడ్డ గురక పెడతాడా? నిద్రలో ఊపిరి ఆగడం చూశారా? నోటితో ఊపిరి పీలుస్తాడా? పక్క తడుపుతాడా? పొద్దున తలనొప్పి అంటాడా? పగలు మత్తుగా ఉంటాడని ఉపాధ్యాయులు ఎవరైనా చెప్పారా? ఈ చివరి ప్రశ్న చదివేసరికి నాకు సిగ్గు వేసింది. అదే గుర్తును చూచి నేను సోమరితనమని తీర్పు తీర్చాను.

గురక సంగతి అడిగితే తల్లి "లేదు" అన్నది. ఆమె వెంట వచ్చిన నాయనమ్మ ఊరుకోలేదు. "నా పక్కన పడుకునేవాడు, నీకేం తెలుసు? రంపము కోసినట్టు ఉంటుంది. మధ్యలో ఊపిరి ఆగితే నేనే తట్టి లేపుతాను" అన్నది. అడిగినవారిని బట్టి కాగితము మారిపోయింది!

జవాబు చెప్పిన ప్రశ్నలలో మూడవ వంతు, అనగా 22లో 8 "అవును" అయితే అనుమానించాలి. "తెలియదు" అన్నవి లెక్కలోనికి రావు. కాబట్టి తెలియనప్పుడు "లేదు" అనక, "తెలియదు" అని వ్రాయుట మేలు.

ఈ కాగితమును ఎంత నమ్మవచ్చును? ఆ మొదటి పరిశోధనలో వ్యాధి ఉన్న పిల్లలు 100 మందిలో సుమారు 85 మందిని అది పట్టుకున్నది. 15 మంది తప్పిపోయారు. వ్యాధి లేని 100 మందిలో సుమారు 13 మందిని అనవసరముగా అనుమానించింది. 18 ప్రశ్నలుగల మరియొక పత్రమునైతే, 2010లో ప్రచురించిన మాంట్రియల్ పరిశోధనలో, రాత్రి ఆక్సిజన్ పరీక్షలో తేడా కనబడిన పిల్లలు 100 మందిలో 40 మందినే గుర్తించినది. కనుక కాగితము ద్వారపాలకుడే గాని న్యాయాధిపతి కాదు. నిశ్చయముగా తేల్చేది రాత్రంతా ఆసుపత్రిలో చేసే నిద్ర పరీక్ష.

ఏలీ యాజకుడు హన్నా పెదవులు కదలడం మాత్రమే చూచి ఆమెను త్రాగుబోతు అనుకున్నాడు (1 సమూయేలు 1). ఆమె మాట విన్న తరువాతనే నిజము తెలిసింది. మనమును అట్టివారమే.

ఆ చిన్నవానికి టాన్సిల్స్, ముక్కు వెనుకనుండే ఎడినాయిడ్స్ పెరిగి దారి మూస్తున్నవని డాక్టరుగారు కనుగొన్నారు. ఆపరేషను జరిగింది. ఇప్పుడు వాడు కునుకడు. నేను వానిని పిలిచి, నా మాటకు క్షమాపణ అడిగాను.

ప్రియులారా, మూడు రాత్రులు బిడ్డ ప్రక్కన మేలుకొని వినుడి. పక్కన పడుకునేవారిని అడుగుడి. సెల్‌ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపుడి. ఊపిరి ఆగడం కంటితో చూస్తే, కాగితములో మార్కులు తక్కువైనా ఆలస్యము చేయవద్దు.

నిద్రనిచ్చు ప్రభువు మీ బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.