కానుపుతో తీరిపోని ముప్పు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో కూలికి వెళ్లే గర్భిణులకు కాళ్లు వాస్తే "నీరు పట్టింది, కానుపైతే అదే పోతుంది" అనడం పరిపాటి. కాళ్ల వాపు చాలామందిలో ప్రమాదకరం కాదన్నది నిజమే. కాని ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పి విడవకున్నా, కళ్లు మసకబారినా, డొక్కలో నొప్పి వచ్చినా అది గుర్రపువాతానికి ముందు హెచ్చరిక కావచ్చు. అయిదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ఆల్బుమిన్ కనిపిస్తే జాప్యం లేకుండా పెద్దాసుపత్రికి చేర్చాలి. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను ఫిట్స్ వచ్చే ముప్పును సగానికి తగ్గిస్తుందని 2002లో పలు దేశాల పరిశోధన తేల్చింది.

అసలు చిక్కు ఆ తరువాత వున్నది. కానుపైన కొద్ది వారాలకు చాలామందిలో బీపీ మామూలు స్థితికి వస్తుంది. ఇంటివారు ఆ సంగతే మరచిపోతారు. అయితే ఈ జబ్బు వచ్చిన స్త్రీలకు తరువాతి కాలంలో గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం మిగతావారికంటే సుమారు రెట్టింపని వైద్యులు గుర్తించారు. అమెరికా హృద్రోగ సంఘం 2011లోనే దీనిని గుండెజబ్బు సూచనలలో చేర్చింది.

ఈ జబ్బు తొలిచూలులోనే ఎక్కువ. మన ప్రాంతంలో తొలి కానుపు పుట్టింట జరుగుతుంది. బీపీ చూసిన నర్సు పుట్టినవూళ్లో వుంటుంది. బిడ్డతో అత్తగారింటికి వెళ్లాక అక్కడి నర్సుకు ఈ సంగతి తెలియదు. జాతీయ పథకం కింద వూళ్లలో జరిగే బీపీ పరీక్షలు 30 ఏళ్లు పైబడిన వారికే ఉద్దేశించినవి. ఇరవై ఏళ్లకే తల్లి అయిన యువతి అంతవరకు ఎవరి కంటా పడదు.

ఇందుకు కొత్త ఆసుపత్రులు అక్కరలేదు. బిడ్డకు టీకాలు వేయించడానికి తల్లి ఆరు, పది, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిదో నెలకు ఎటూ వస్తుంది. టీకా వేసే చోటనే తల్లి బీపీ కూడా చూడవచ్చు. గర్భిణిగా వుండగా బీపీ వచ్చిందన్న మాట తల్లీబిడ్డల కార్డుపై స్పష్టంగా రాసి, ఆ తల్లికి ఏటా ఒకసారి బీపీ, షుగరు పరీక్ష చేయాలి. మళ్లీ గర్భం వస్తే మూడో నెలలోనే డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి. అవసరమైన వారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు.

అత్తమామలు, భర్త కూడా దీన్ని పాతకథగా కొట్టివేయరాదు. కోత కూలి పోతుందని పరీక్ష వాయిదా వేయడం తగదు. రెండు జిల్లాల ఆరోగ్య శాఖాధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా వున్నది.