యాప్‌కు వెల చెప్పండి

జహీరాబాద్‌లో ఇంజినీరింగ్ అయిపోయి, హైదరాబాద్ హాస్టల్ ఖర్చు భరించలేక, ఇంట్లోనే కూర్చుని మొబైల్ యాప్‌లు చేస్తున్న పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కలిస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, యాడ్స్ పెడితే నెలకు ఎంతొస్తది?" వాళ్ల ఏడాది కష్టం దారి తప్పేది ఆ ప్రశ్న దగ్గరే. ప్రకటనల మీద బతకాలంటే వేలమంది రోజూ మన యాప్ తెరవాలి. ఊళ్లో ఒకరి పని తేలిక చేసి వెల అడిగితే నలభై మంది చాలు.

కాగితం మీద లెక్క వేసి చూద్దాం. యాప్‌లో ప్రకటనలు చూపించడానికి ఎక్కువమంది వాడేది గూగుల్ వారి యాడ్‌మాబ్. వంద డాలర్లు పోగైతే తప్ప ఆ డబ్బు మన బ్యాంకు ఖాతాకు రాదు. రేటు దేశాన్ని బట్టి, నెలను బట్టి మారుతుంది. అమెరికాలో చూసిన ప్రకటనకు వచ్చేదానితో పోలిస్తే మన దగ్గర చూసినదానికి వచ్చేది చాలా తక్కువ. వెయ్యి సార్లు కనిపిస్తే అర డాలరు వస్తుందనే అనుకుందాం. వంద డాలర్లకు రెండు లక్షల సార్లు కనిపించాలి. ఒక్కో మనిషి రోజుకు ఐదు ప్రకటనలు ఓపిగ్గా చూసినా, నెల పొడుగునా రోజుకు 1,300 మందికి పైగా యాప్ తెరవాలి. ఒకసారి దించుకుని మరిచిపోయినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

సంపాదన పది డాలర్లకు చేరగానే చిరునామా సరిచూసుకోవడానికి గూగుల్ ఆరంకెల పిన్‌తో ఒక ఉత్తరం పోస్టులో పంపుతుంది. ఇంత డిజిటల్ వ్యవహారంలో ఆ ఒక్కటి మాత్రం కాగితం మీదే వస్తుంది. పిల్లలు దాని కోసం పోస్ట్‌మ్యాన్‌ను రోజూ అడుగుతారు, చేతికందగానే ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటారు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను, అది వాళ్ల మొదటి సంపాదన. అయితే పది డాలర్లు దాటిన యాప్‌లలో చాలా వాటికి వంద అందదు. అక్కడ ఓపిక నశించి దోస్తులకు చెప్పి ప్రకటనల మీద నొక్కించడం మొదలవుతుంది. గూగుల్ దాన్ని పట్టేస్తుంది. ఖాతా మూతపడుతుంది, పోగైంది కూడా పోతుంది.

ఫ్లాపీ బర్డ్ సంగతి చెబుతారు కొందరు. వియత్నాంలో ఒక్కడే కూర్చుని చేసిన ఆ ఆటకు ప్రకటనల మీద రోజుకు 50,000 డాలర్లు వచ్చాయని 2014లో లోకమంతా చెప్పుకున్న మాట నిజమే. ఆ మోజు భరించలేక ఆ ఫిబ్రవరిలోనే చేసినవాడే దాన్ని తీసేశాడు. లాటరీ తగిలినవాడిని చూసి ఇల్లు నడుపుకోలేం.

మన ఊరి వైపు చూద్దాం. మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఇక్కడికి వచ్చినప్పటి నుంచి జహీరాబాద్ అంటే ట్రాక్టర్లు గుర్తొస్తాయి. ట్రాక్టర్ కొన్న రైతు తన చేనుకే దున్నుకుంటే కిస్తీ కట్టలేడు. చుట్టుపక్కల వాళ్లకు కిరాయికి తిప్పాల్సిందే. ఆ కిరాయి లెక్కంతా చొక్కా జేబులో ఉండే చిన్న నోటుబుక్కులో ఉంటుంది. ఒకసారి తెరిచి చూడండి. "చెరువు కింది చెలక, రొటావేటర్, 2 గంటల 20 నిమిషాలు, సగం ఇచ్చిండు." కింద ఇంకో వరుస: "కల్టివేటర్, మూడు గంటలు, అల్లం అమ్మినంక ఇస్తడట." తరవాతి పేజీ వానకు తడిసి సిరా అలుక్కుపోయి ఉంటుంది. డ్రైవర్ బత్తా ఒక మూల, డీజిల్ లెక్క అట్ట మీద. రెండు నెలలు పోయాక బాకీ అడగబోతే "గంట తక్కువే నడిచింది గద" అంటాడు చేను ఆసామి. చేతిలో రుజువు లేక ట్రాక్టర్ ఆయన సర్దుకుపోతాడు. ఇట్లా ఒక్క సీజన్‌లో పోయే డబ్బు ఎంతో ఆయనను అడగండి. ఏ సర్వే అక్కర్లేదు.

ఇది ఒక యాప్ పని. మొదలుపెట్టినప్పుడు ఒక బటన్, ఆపినప్పుడు ఒక బటన్. పనిముట్టును బట్టి రేటు, ముట్టింది ఎంత, బాకీ ఎంత. పని అయిన క్షణమే రైతు ఫోన్‌కు వాట్సాప్‌లో రశీదు పోవాలి. ఆ రశీదు తెలుగులోనూ ఉండాలి, ఉర్దూలోనూ ఉండాలి. బీదర్ వైపు పొలాలకు పోతే కన్నడంలో, ఇంకొందరికి మరాఠీలో. ఖాతాబుక్ లాంటి కంపెనీలు పెట్టుబడిదారుల డబ్బుతో ఖాతా పుస్తకాన్ని దేశమంతటికీ ఉచితంగా ఇచ్చాయి. వాటితో ఉచితంలో పోటీ పడి మన పిల్లవాడు గెలవలేడు. కానీ రొటావేటర్ గంటకు ఒక రేటు, దమ్ము చక్రాలు వేస్తే ఇంకో రేటు అని తెలిసినవాడు, లెక్క తప్పితే సాయంత్రం ఇంటికొచ్చి సరిచేసి పోయేవాడు మన పిల్లవాడే. వాడు అమ్మాల్సింది ఆ దగ్గరితనాన్ని.

నలభై మంది ట్రాక్టర్ యజమానులు నెలకు రెండు వందల చొప్పున ఇస్తే ఎనిమిది వేలు. యాడ్‌మాబ్‌లో 1,300 మంది రోజూ తెరిస్తే వచ్చే వంద డాలర్లకు ఇది దాదాపు దగ్గరే. నలభై మందిని పేరు పెట్టి పిలవొచ్చు, 1,300 మందిని పిలవలేం. ఆ నలభై మందికి యాప్ నచ్చితే కోహిర్, ఝరాసంగం, న్యాల్కల్ ఎంతో దూరం లేవు.

వసూలు దగ్గర ఇంకో చిక్కుంది. నెలనెలా చందా అనేది జీతగాళ్లకు కుదిరే పద్ధతి. ట్రాక్టర్ ఆయనకు దుక్కుల రోజుల్లో చేతినిండా పైసలు, తరవాత నెలలు ఖాళీ. చెరకు రైతుకు ఫ్యాక్టరీ బిల్లు పడ్డప్పుడే డబ్బు కనిపిస్తుంది. యూపీఐలో 2020 నుంచి ఆటోపే ఉంది, ఒకసారి ఒప్పుకుంటే ప్రతి నెలా దానంతటదే కోత పడుతుంది. కానీ ఆ తారీఖున ఖాతాలో పైసలు లేకపోతే కోత ఆగిపోతుంది, యాప్ ఆగిపోతుంది, మనిషికి కోపమొస్తుంది. అందుకని వానాకాలానికి ఇంత, యాసంగికి ఇంత అని సీజన్ లెక్కన వెల పెట్టడం మేలు. పంట అమ్ముకున్న వారంలో వెళ్లి అడగాలి. మొహమాటపడకూడదు. విత్తనాల దుకాణం వాళ్లు, స్పేర్ పార్టుల వాళ్లు అడగడం లేదా?

ప్లే స్టోర్‌లో ఖాతా తెరవడానికి 25 డాలర్లు, ఒక్కసారే. యాప్ లోపల డిజిటల్ సరుకు అమ్మితే గూగుల్ వాటా తీసుకుంటుంది. ఒకప్పుడు అది 30 శాతం. 2021 జులై నుంచి ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల దాకా 15 శాతమే. ఈ బిల్లింగ్ పెత్తనం మీదే మన కాంపిటిషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేసింది, అప్పీలు ట్రిబ్యునల్ 2025లో దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. ఆ పోరాటం అవసరమైనదే. 2024 మార్చిలో భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ లాంటి పెద్ద పేర్లే ఫీజు తగాదాలో స్టోర్ నుంచి రాత్రికి రాత్రి మాయమై, కేంద్ర మంత్రి కలగజేసుకున్నాక తిరిగొచ్చాయి. అంత పెద్దవాళ్లకే అట్లా అయితే ఒంటరిగా పనిచేసేవాడి గతేమిటి? అందుకే వాడుకదారుల పేర్లు, ఫోన్ నంబర్లు వాళ్ల ఒప్పుదలతో మన దగ్గర కూడా ఉండాలి. స్టోర్ తలుపు మూసినా వాళ్ల ఇంటి తలుపు తట్టగలగాలి.

ఆడపిల్లలకు ఒక మాట. సొంత పేరున ఖాతా తెరిచి యాప్ మీద సంపాదన మొదలుపెడితే ప్లే స్టోర్ పేజీలో మన పూర్తి చిరునామా అందరికీ కనిపిస్తుంది. ముందే తెలుసుకుని, ఇంటి చిరునామా లోకానికి కనిపించడం ఇష్టమో కాదో ఆలోచించుకుని అడుగు వేయండి.

ఉచితంగా ఇవ్వడం గొప్ప కదా అంటారు. రాజస్థాన్‌లోని ఆల్వార్‌లో ఇమ్రాన్ ఖాన్ అనే ప్రభుత్వ ఉపాధ్యాయుడు విద్యార్థుల కోసం 50కి పైగా యాప్‌లు చేసి ఉచితంగా ఇచ్చాడు. 2015 నవంబరులో లండన్ వెంబ్లీ సభలో ప్రధాని ఆయన పేరు చెప్పి మెచ్చుకున్నారు. నిండు మనసుతో నమస్కరించాల్సిన పని అది. ఆయనకు సర్కారు జీతం ఉంది. జీతం లేని పిల్లలకు ఆయనను చూపించి "నువ్వూ ఫ్రీగా ఇయ్యి" అనడం న్యాయం కాదు.

వినేవాళ్లను ముందు పట్టుకుని వేదిక కోసం తరవాత చూసుకున్నవాళ్లు జహీరాబాద్ పక్కనే ఉన్నారు. పస్తాపూర్ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళలు మాచ్‌నూర్‌లో రేడియో స్టూడియో కట్టుకున్నాక లైసెన్సు కోసం దాదాపు పదేళ్లు ఆగాల్సి వచ్చింది. ఊరికే కూర్చోలేదు. క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, తమ యాసలోనే మాట్లాడారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చేసరికి వినేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆపిల్ యాప్ స్టోర్ తెరుచుకుంది కూడా ఆ ఏడాదే, జులైలో. కాలిఫోర్నియా నుంచి వచ్చిన పాఠాల కంటే మాచ్‌నూర్ అక్కల పద్ధతి మన పిల్లలకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

యాప్ మీద డబ్బుకు ఇంకో దారి ఉంది, దాని జోలికే పోవద్దు. యాప్‌కు నాలుగు వేలమంది వాడుకదారులు వచ్చారని తెలియగానే బెట్టింగ్ లింకు పెట్టమని, నెలకు ఇంత ఇస్తామని మెసేజ్‌లు వస్తాయి. ఫోన్‌లోని కాంటాక్టులు కావాలని అప్పుల యాప్‌ల వాళ్లు అడుగుతారు. తెలంగాణలో ఆన్‌లైన్ జూదం 2017 నుంచే నిషిద్ధం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అటుంచండి. 2020 చివర్లో అప్పు యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మన రాష్ట్రంలో ప్రాణాలు తీసుకున్నవాళ్ల ఇళ్లను తలుచుకోండి. వాళ్ల ఫోన్లలోని నంబర్లే వాళ్ల మెడకు ఉరి అయ్యాయి. ఆ డబ్బు మన చేతికి అంటకూడదు.

ఊరివాళ్లు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మెకానిక్‌కు కూలి ఇస్తాం, కంప్యూటర్ పిల్లగాడికి మాత్రం "ఏముంది బేటా, ఫోన్ల చేసిందే గద" అంటాం. రశీదు మీద ఒక్క బాకీ సరిగ్గా వసూలైతే సీజన్ చందా అందులోనే వెళ్లిపోతుంది.

కొత్తగా సొంత ఖాతా తెరిచినవాళ్లు ప్లే స్టోర్‌లో యాప్ విడుదల చేయాలంటే ముందు 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్షింపజేయాలి. చాలామంది క్లాస్‌మేట్లతో ఆ లెక్క పూర్తిచేస్తారు. ఆ 12 మందీ రేపు వెల చెల్లించబోయే ట్రాక్టర్ యజమానులే కావాలి. మృగశిర కార్తె జూన్ మొదటి, రెండో వారాల్లో వస్తుంది. అందుకని మే మధ్యలోనే వాళ్ల ఫోన్లలో యాప్ ఎక్కించి, పక్కన కూర్చుని నేర్పండి. దుక్కులు మొదలయ్యాక కొత్తది నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు.

— మంజీర