అమ్మమ్మలకు సెలవులెక్కడివి?

స్త్రీలకు సెలవు ఉండదని మనం ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాం. ఆదివారం వస్తే మగవాళ్ళకి విశ్రాంతి, ఆడవాళ్ళకి రెండు కూరలు ఎక్కువ అని మన సభల్లో నవ్వుకుంటూ చెప్పుకున్న మాటే. ఆ మాట సముద్రం దాటితే ఏమవుతుందో ఈసారి దగ్గరగా చూశాను. 2025 డిసెంబరు సెలవులు మూడు వారాలు న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో మా చెల్లెలింట్లో గడిపాను. గడిచిన ఏడాదిలో మన దగ్గర జరిగినవన్నీ తీరిగ్గా ఆలోచించుకోవాలని వెళ్ళాను. అక్కడ మన అమ్మల్ని, అత్తల్ని చూశాక ఆ ఆలోచన అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరగటం మొదలుపెట్టింది. పిల్లల్ని ఎవరు పెంచుతున్నారు, ఎవరి ఖర్చు మీద?

మా చెల్లెలు ఉండే అపార్టుమెంట్లలో చంటిబిడ్డ ఉన్న ప్రతి తెలుగింట్లోనూ గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వచ్చిన ఒక అమ్మ ఉంది. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్ళకు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. కనక మొదటి ఆరు నెలలు కూతురి తల్లి, తరువాతి ఆరు నెలలు అత్తగారు. ఈ ఏర్పాటు ఎంత సహజమైపోయిందంటే కడుపు పండిందని తెలియగానే డాక్టరు అపాయింట్‌మెంటు కంటే ముందు అమ్మ వీసా సంగతి మాట్లాడుకుంటున్నారు.

తెల్లవారకముందే లేచి పాలసీసాలు మరగబెట్టటం, కూతురికీ అల్లుడికీ డబ్బాలు సర్దటం, పసివాడికి నూనె రాసి స్నానం చేయించటం, పెద్దపిల్లని స్కూలు బస్సు దాకా చలిలో దింపి రావటం, మధ్యాహ్నం రెండో నిద్ర వేళకి ఇడ్లీపిండి రుబ్బటం. తిరిగి వెళ్ళే నెల వచ్చేసరికి ఫ్రీజరు నిండా కూరలు, డబ్బాల నిండా పొడులు. తాతగారు కూడా ఉంటారు. ఆయన మాల్‌లో నడిచి వచ్చి, ఫోనులో తెలుగు పేపరు చదువుతారు. (పిల్లవాడిని ఆడిస్తారు కూడా, వాడు ఏడవనంత వరకు.)

ఒకావిడ, ప్రభుత్వ స్కూల్లో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, చంటివాడిని భుజాన వేసుకుని పప్పుకి తిరగమోత పెడుతూ నాతో అన్నది: "ఇక్కడ నాకు పనేముందమ్మా, ఊరికే కూచోవటమే కదా." ఏడాది ఎలా గడిచింది పిన్నిగారూ అని అడిగితే పురుళ్ళ లెక్క చెప్పింది. జనవరి నుంచి జూన్ దాకా టెక్సస్‌లో పెద్దకూతురి దగ్గర. వర్షాకాలంలో ఊరికి వెళ్ళి కంటి ఆపరేషను చేయించుకుంది. నవంబరుకల్లా మళ్ళీ ఇక్కడ. ఆరు నెలల బీపీ మాత్రలు లెక్కపెట్టి తెచ్చుకుంది. మోకాలి నొప్పి సంగతి కూతురికి చెప్పవద్దని నాకు చెప్పింది. సందర్శకుల ఇన్సూరెన్సు పాత జబ్బులకి పెద్దగా పనికిరాదు, అమెరికాలో డాక్టరు దగ్గరికి వెళ్ళటమంటే కూతురి జీతంలో చెయ్యి పెట్టటమేనని ఆమెకి తెలుసు.

ఇందులో కూతుళ్ళని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అమెరికాలో దేశమంతటికీ వర్తించే ప్రసూతి సెలవు చట్టం 1993 నాటిది. అది ఇచ్చేది పన్నెండు వారాలు, జీతం లేకుండా, అదీ యాభైమంది కంటే తక్కువ పనిచేసే ప్రైవేటు సంస్థలకి వర్తించదు. న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా జీతంలో కొంత భాగం ఇస్తున్నాయి, అంతే. భర్త వీసా మీద వచ్చిన భార్యలలో కొందరికి 2015లో గాని పనిచేసే హక్కు రాలేదు. ఆ అనుమతి గడువు ముగిశాక కొత్తది వచ్చేదాకా దొరికే ఆటోమేటిక్ పొడిగింపుని 2025 అక్టోబరు 30న తీసేశారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము వచ్చింది. ఆ గందరగోళంలో భయపడి ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఉద్యోగం ఒక్క నెల వదిలినా మళ్ళీ దొరుకుతుందో లేదో తెలియని అమ్మాయి తల్లిని పిలుచుకోక ఏం చేస్తుంది? ఇక అల్లుళ్ళ సంగతి. వాళ్ళలో కొందరికి కంపెనీలు పితృత్వ సెలవు ఇస్తున్నాయి. ఆ సెలవులో వాళ్ళు ఎన్ని రాత్రులు మేలుకున్నారో వాళ్ళ అత్తగార్లని అడిగితే తెలుస్తుంది, కాని వాళ్ళు చెప్పరు.

మన దేశంలో 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 2019లో ఈ అంకెలు 299, 97. అంటే ఐదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాల పని తగ్గింది, మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది! సర్వేలు అవసరమే, వాటి కోసం మనం పోరాడాం కూడా. అయితే ఎడిసన్‌లో ఉన్న పిన్నిగారి ఆరు నెలలు మన సర్వేకి దొరకవు. అమెరికా రికార్డులో ఆమె సందర్శకురాలు, ఆ వీసా మీద కూలికి పని చేయటం నిషిద్ధం. ఆమె చేసేది పని అని ఎవరైనా ఒప్పుకుంటే అది చట్టవిరుద్ధమవుతుందేమో!

మన స్త్రీలు పరాయిదేశంలో పిల్లల్ని పెంచటం కొత్త కాదు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి అదే చేస్తున్నారు. వాళ్ళ బాధల్ని పిన్నిగారి పరిస్థితితో సమానం చేయటం అన్యాయం. పిన్నిగారి పాస్‌పోర్టు ఆమె పెట్టెలోనే ఉంది, ఆమెకి మనవడి మీద ప్రేమ ఉంది. అయినా కువైట్ 2015లో చేసిన ఇంటిపనివారి చట్టంలో కాగితం మీదైనా వారానికి ఒకరోజు సెలవు ఉంది. ప్రేమతో చేసే చాకిరీకి కాగితం మీద కూడా సెలవు లేదు.

పిన్నిగారు గుంటూరులో ఇల్లు తాళం వేసి వచ్చింది. అక్కడ అంట్లు తోమి, ఇల్లు తుడిచే మనిషికి ఆ ఆరు నెలలూ జీతం లేదు. "వచ్చాక మళ్ళీ పెట్టుకుంటాను కదా" అన్నది. ఇంటిపనివారికి చట్టం చేసే విషయం పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఇంటిపనివారి గురించిన 2011 నాటి అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం ధృవీకరించనే లేదు. అమెరికాలో ఒక కాన్పు గుంటూరులో ఒక పాచిపని చేసే ఆమె కూలిని తినేస్తుందంటే అతిశయోక్తిలా ఉంటుంది, కాని జరుగుతున్నది అదే.

ఇప్పుడు మన ప్రభుత్వాల సంగతి చూడండి. ఇద్దరు పిల్లలకి మించి ఉన్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనని ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. ఆ నిబంధన పోవలసిందే. అయితే దానితోపాటే ఎక్కువమందిని కనండి అన్న ప్రచారమూ సాగింది. 2025 జూన్‌లో అదే రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీలలో పనిగంటలు రోజుకి పదికి పెంచటానికి ఒప్పుకుంది. జూలైలో తెలంగాణ వ్యాపార సంస్థలకి పది గంటలు అనుమతించింది. వారానికి 48 గంటలే కదా అంటారు. పసిబిడ్డకి ఆకలి వారం లెక్కన వేయదు. ఇంకో బిడ్డని కనమంటారు, ఇంకో గంట పని చేయమంటారు, మధ్యలో ఆ బిడ్డని ఎవరి చేతుల్లో పెట్టాలో మాత్రం చెప్పరు. వాళ్ళు చెప్పకుండానే అనుకుంటున్న పేరు అమ్మమ్మది.

యాభైమందికి పైగా పనిచేసే చోట శిశుగృహం ఉండాలని 2017 సవరణలోనే వచ్చింది. మీ ఊళ్ళో ఎన్ని ఫ్యాక్టరీలలో, ఎన్ని బట్టల షోరూములలో చూశారు? పది గంటల పని మీద మనం ఇవ్వబోయే వినతిపత్రంలో శిశుగృహాల మాట చివరి పేరాలో కాక మొదట్లోనే రావాలి. అంగన్‌వాడీ కేంద్రం సాయంత్రం దాకా తెరిచి ఉండాలని, అక్కడ పనిచేసే వాళ్ళకి అందుకు తగిన వేతనం ఇవ్వాలని కలిపే అడగాలి. లేకపోతే ఒక అమ్మమ్మ భారం దించి ఇంకో స్త్రీ నెత్తిన పెట్టినట్టే.

ఇంకొక పని మన చేతుల్లోనే ఉంది. గత ఏడాది మన సమావేశాలకి నెలల తరబడి రానివాళ్ళ జాబితా తీసి చూశాను. యాభై దాటినవాళ్ళలో చాలామంది పేర్ల పక్కన కార్యదర్శి రాసిన కారణం ఒకటే, "పురుడికి వెళ్ళింది". వాళ్ళు తిరిగొచ్చాక అక్కడి విశేషాలు అడుగుతాం, తెచ్చిన చాక్లెట్లు తింటాం. ఈసారి ఆ ఆరు నెలల పనిగంటలు కూడా అడిగి రాసుకుందాం.