నిర్మాణ నిర్వహణ చదువుకు పాత ఫైళ్లే పాఠాలు



సివిల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ నేర్పేది ముఖ్యంగా కట్టడం ఎలా నిలబడుతుందన్నది. నిర్మాణ నిర్వహణలో పీజీ నేర్పేది వేరు. అదే కట్టడం అనుకున్న డబ్బుతో, అనుకున్న గడువులో, ఎవరినీ నిలువునా ముంచకుండా ఎలా పూర్తవుతుందన్నది దాని విషయం. అంచనా, టెండరు, ఒప్పందం, భూసేకరణ, పనుల వరుస, కూలీల భద్రత, తగాదాల పరిష్కారం అందులోకి వస్తాయి. శాస్త్రంగా దీని వయసు తక్కువే. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో లెక్కగట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1957లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో రూపుదిద్దుకుంది. మన దేశంలో ఈ చదువు కోసమే 1983లో నిక్మార్ అనే సంస్థ ఏర్పడింది. హైదరాబాద్ శివారు షామీర్‌పేటలోనూ దాని ప్రాంగణం ఉంది. మద్రాసు, ఢిల్లీ ఐఐటీల్లో ఎంటెక్ ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలు గేట్ రాసి అక్కడికో, అప్పు చేసి బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీకో వెళ్లాల్సి వస్తోంది. వెళ్లడం తప్పు కాదు. కానీ ఈ చదువుకు కావలసిన ఉదాహరణలు కడప జిల్లాలో ఉన్నన్ని మరోచోట అంత సులువుగా దొరకవు. వాటిని తరగతి గదిలోకి తేవడమే జరగడం లేదు.

అన్నిటికన్నా పాతది కేసీ కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా 306 కిలోమీటర్ల ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ మొదలుపెట్టింది. పెట్టుబడి మీద వడ్డీకి ప్రభుత్వమే హామీ ఇచ్చింది. ఖర్చు అంచనాలు దాటింది. నీళ్లొస్తే రైతులు ఎగబడి కొంటారన్న లెక్కా తప్పింది. మెట్ట పైరుకు అలవాటుపడ్డ సేద్యం రాత్రికి రాత్రి మాగాణిగా మారలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనాల్సి వచ్చింది. నష్టభయం సర్కారుది, నిర్మాణం ప్రైవేటుది అన్న ఒప్పందాలపై ఇప్పుడు జరిగే చర్చంతా అందులో ఉంది.

అసలు పాఠం గండికోట. జమ్మలమడుగు ఎగువన పెన్నా మీద కట్టిన ఈ జలాశయం పూర్తి నిల్వ 26.85 టీఎంసీలు. ఆనకట్ట లేచింది, గేట్లు బిగించారు. అయినా చాలా ఏళ్లు నిల్వ సగం దగ్గరే ఆగిపోయింది. కారణం కాంక్రీటులో లేదు, ముంపు గ్రామాల పునరావాసంలో ఉంది. 2020లో నీటిమట్టం పెంచుతుంటే కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరులో జనం ఇంకా ఊళ్లోనే ఉన్నారు. ఇళ్ల మధ్యకి నీళ్లొచ్చాయి, ఆందోళనలు జరిగాయి. గండికోటకు నీళ్లు తెచ్చే కాలువపై, ఎగువన ఉన్న అవుకు సొరంగంలో వదులు మట్టి కూలుతూ ఏళ్ల తరబడి పనిని ఆపింది. రెండో సొరంగం ప్రారంభమయ్యేసరికి 2023 నవంబరు వచ్చింది. కాలువ, సొరంగం, ఆనకట్ట, పునరావాసం నాలుగూ వేర్వేరు విభాగాల చేతుల్లో సాగినా, రైతుకు నీళ్లు అందేది నాలుగూ ముగిసిన రోజే. క్రిటికల్ పాత్ అంటే ఏమిటో బోర్డు మీద బాణాలు గీసి వారం చెప్పేకంటే తాళ్లప్రొద్దుటూరు ఉదాహరణ ఒక్క పూటలో చెబుతుంది.

రైలు మార్గానిదీ ఇంచుమించు ఇదే దారి. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాల చేరే 123 కిలోమీటర్ల లైను 1990లలో మంజూరైతే, దాని మీద రైలు నడిచింది 2016 ఆగస్టులో. జమ్మలమడుగు ప్రాంతపు ఉక్కు కర్మాగారానికి 2007 నుంచి 2023 దాకా నాలుగు శంకుస్థాపనలు జరిగాయి. పెట్టుబడి కుదరకముందే పునాదిరాయి వేస్తే ఏమవుతుందో చూపించడానికి ఆ రాళ్లు చాలు!

పుస్తకాల్లో సరిగా దొరకనిది స్థానిక పనికాలం. కాలువ పనులకు నీళ్లు ఆపేది వేసవిలోనే. కడపలో ఎండ 40 డిగ్రీలు దాటేదీ అప్పుడే. 40 దాటితే కాంక్రీటు వేయడానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 7861 ప్రత్యేక జాగ్రత్తలు కోరుతుంది. పొడి వేడిలో కనీసం పది రోజులు తడపాలని ఐఎస్ 456 చెబుతుంది. పని చేయడానికి వీలున్న నెలల్లోనే తడపడానికి నీళ్ల కరువు. తెల్లవారుజామున కాంక్రీటు వేయించడం, గోనె పట్టాలు కప్పించడం సైటులో బేల్దారి మేస్త్రీకి తెలుసు, అంచనా రాసే ఇంజినీరుకు తెలియదు. అందుకే ట్యాంకర్ల ఖర్చు అంచనాలోకి ఎక్కదు. తర్వాత బిల్లు దగ్గర పేచీ అవుతుంది.

పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల ఉంది. కోర్సు పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. దానికి కావలసింది ముగిసిన పనుల ఫైళ్లు. మొదటి అంచనా, టెండరు పత్రాలు, ఒప్పందం, ఎం-బుక్కులు (కొలతల పుస్తకాలు), గడువు పొడిగింపు ఉత్తరాలు, తుది బిల్లు: ఒక పనికి సంబంధించి ఇవన్నీ వరుసగా చేతికిస్తే విద్యార్థి ఏడాది చదువు అందులోనే ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకోవచ్చనడం సమాధానం కాదు, అలా వచ్చేవి ముక్కలే. తప్పులు బయటపడతాయని అధికారులు జంకడం సహజం. కోర్టులోనో మధ్యవర్తి ముందో ఉన్న వివాదాలను మినహాయించి, ఖాతా మూసి అయిదేళ్లు దాటిన పనులు ఇస్తే ఆ జంకుకు చోటుండదు.

పేరున్న సంస్థ పట్టా ఉంటేనే కంపెనీలు తీసుకుంటాయన్న వాదనలో కొంత నిజముంది. పెద్ద కంపెనీల మొదటి వడపోతలో ఆ పేరు పనిచేస్తుంది. అయితే జిల్లాలో సివిల్ పట్టభద్రులకు ఉద్యోగమిచ్చేది ఎక్కువగా చిన్న కాంట్రాక్టర్లు. వారికి కావలసింది కొలతలు రాయగలిగి, ఒప్పందంలో షరతు చదివి, గడువు పొడిగింపు ఉత్తరం సమయానికి పెట్టగల మనిషి. మొదటి ఫైలుగా ఎర్రగుంట్ల–నంద్యాల లైనులో జమ్మలమడుగు దాకా ఉన్న భాగాన్ని రైల్వే నుంచి కోరవచ్చు. పని ముగిసింది, రైలు నడుస్తోంది. విద్యార్థులు ఆ వంతెనల దగ్గరికి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు