నక్క పెట్టుకున్న వాత

‘పర్సనల్ బ్రాండ్’కి తెలుగు మాట కోసం నిఘంటువులు తిరగేయక్కర్లేదు. ఇంగ్లీషులో బ్రాండ్ అంటే మొదట్లో మండే కట్టె. తర్వాత, పశువు ఎవరిదో తెలియడానికి కాల్చిన ఇనుముతో వేసే ముద్ర. మన భాషలో వాత. పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెత ఉండనే ఉంది. దాన్ని మనం ఎప్పుడూ నక్క తెలివితక్కువతనం మీద జోకుగానే వాడతాం గానీ అందులో ఇంకో సంగతుంది. పశువుకి వాత పెట్టాలంటే యజమాని దాన్ని పడేసి, కట్టేసి, నానా తంటాలూ పడాలి. నక్క విషయంలో ఎవరికీ ఏ శ్రమా లేదు. ఇనుమూ తనే తెచ్చుకుంది, ఒళ్ళూ తనే కాల్చుకుంది.

ఈ ఆలోచనని ఊరేగించినవాడు టామ్ పీటర్స్ అనే అమెరికన్ మేనేజ్‌మెంట్ గురువు. 1997లో ‘ఫాస్ట్ కంపెనీ’ పత్రికలో ‘ద బ్రాండ్ కాల్డ్ యూ’ అని ఒక వ్యాసం రాశాడు. నువ్వు ఉద్యోగివి కాదు, నువ్వే ఒక కంపెనీవి, దానికి మార్కెటింగ్ చేసుకోవాల్సిందీ నువ్వే అన్నది దాని సారాంశం. సరిగ్గా వందేళ్ళ ముందు, 1897లో, ‘కన్యాశుల్కం’ అచ్చులోకొచ్చింది. గిరీశానికున్నది పర్సనల్ బ్రాండ్ కాకపోతే మరేమిటి? చేసిన పనంటూ లేదు, అప్పులు మాత్రం ఉన్నాయి. అయినా సంఘసంస్కర్త, ఉపన్యాసకుడు, ఇంగ్లీషు దంచేవాడు. వెంకటేశం లాంటి నమ్మకస్తుడైన ఫాలోవర్ కూడా ఉన్నాడు. ఈ రోజుల్లో అయితే లింక్డిన్ వాళ్ళు పిలిచి ‘టాప్ వాయిస్’ బ్యాడ్జి ఇచ్చేవాళ్ళు. గురజాడ అతన్ని చూసి నవ్వమన్నాడు. పీటర్స్ అతనిలా బతకమన్నాడు. మనం ఎవరి మాట విన్నామో ఫోన్ తీసి చూస్తే తెలుస్తుంది.

సరే, ఇంత చేస్తే ఉద్యోగం వస్తుందా? హైదరాబాద్‌లో రిక్రూటర్ పని ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. వాళ్ళ ముందు ఒక సెర్చ్ పెట్టె ఉంటుంది. జావా, స్ప్రింగ్‌బూట్, ఐదేళ్ళు, హైదరాబాద్ అని కొడతారు. వచ్చిన జాబితాలో పైనున్నవాళ్ళకి వరసగా ఫోన్లు. ఆ ఫోన్లో అడిగేవి మూడు ప్రశ్నలు: నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, ఇప్పుడు సీటీసీ ఎంత, ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు. మీరు మొన్న ఆదివారం వైఫల్యం గురించి రాసిన పోస్టు గురించి ఎవరూ అడగరు. తొంభై రోజుల నోటీసు అనగానే ఫోన్ పెట్టేస్తారు. (ఫోన్ చేసినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. వాళ్ళ టార్గెట్లు వాళ్ళవి.) ఈ సంగతి తెలిసినవాళ్ళు రోజూ పొద్దున్నే నౌక్రీలో ప్రొఫైల్ తెరిచి, హెడ్‌లైన్ చివర ఒక ఫుల్‌స్టాప్ తీసి, మర్నాడు మళ్ళీ పెట్టి సేవ్ చేస్తారు. జాబితాలో పైకి వస్తామని. నా దృష్టిలో ఇది బ్రాండ్ కన్నా చాలా నిజాయితీ అయిన పని. ఆ ఫుల్‌స్టాప్ తన గురించి గొప్పలేమీ చెప్పుకోదు.

మరి లాభం ఎవరికి? 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లు పెట్టి లింక్డిన్‌ని కొంది. కొన్నది దేన్నంటే మన ప్రొఫైళ్ళని, మనం రోజూ అక్కడికి వెళ్ళే అలవాటుని. మనల్ని వెతికే హక్కుని రిక్రూటర్లకి అమ్ముతారు. మనల్ని ఎవరు వెతికారో చూసే హక్కుని మనకే అమ్ముతారు. మధ్యలో ‘ముప్పై రోజుల్లో మీ బ్రాండ్’ అని కోర్సులమ్మేవాళ్ళు. వాళ్ళకి నిజంగానే బ్రాండ్ అవసరం, ఎందుకంటే వాళ్ళు అమ్మేది అదొక్కటే.

అమీర్‌పేట కోచింగుల కాలంలో లేని మూడేళ్ళ అనుభవాన్ని రెజ్యూమేలో పెట్టించేవాళ్ళు. అది అబద్ధమని పెట్టించినవాడికీ తెలుసు, పెట్టుకున్నవాడికీ తెలుసు, ఒక్కోసారి ఇంటర్వ్యూ చేసేవాడికీ తెలుసు. దొరికితే దొంగే. ఇప్పుడు కల్పించేది అనుభవాన్ని కాదు, అనుభూతిని. ఆటో డ్రైవర్ నాకు లీడర్‌షిప్ నేర్పాడు, మా పాప సైకిల్ మీంచి పడి నాకు రెసిలియెన్స్ నేర్పింది. దీన్ని ఏ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషనూ పట్టుకోలేదు. ఆ ఆటో డ్రైవర్‌కి పేరుండదు, ఆరోజు కిరాయి ఎంతిచ్చారో ఉండదు. ఒక్కో వాక్యానికి ఒక్కో పేరా, చివర నీతి. చందమామ బేతాళుడు కూడా కథ చెప్పాక ప్రశ్న అడిగి ఊరుకునేవాడు.

కోడ్ అబద్ధం చెప్పదు, గిట్‌హబ్ చూపిస్తే చాలదా అనేవాళ్ళున్నారు. గిట్‌హబ్ ప్రొఫైల్లో ఏడాది పని పచ్చ గళ్ళుగా కనిపిస్తుంది. గిట్‌లో కమిట్ తేదీని మనమే రాసుకోవచ్చు కాబట్టి, చిన్న స్క్రిప్టుతో పోయినేడాదంతా ఒక్క సాయంత్రంలో పచ్చగా చేసేయొచ్చు. ఇదైనా నయం, ఎవరికీ నష్టం లేదు. 2020 అక్టోబరులో జరిగింది చూడండి. డిజిటల్ ఓషన్ కంపెనీ నడిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకి ఆ నెలలో నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేవాళ్ళు. మన దేశంలోనే ఒక యూట్యూబ్ వీడియో ఇది ఎంత తేలికో చూపించింది. వేలకొద్దీ కుర్రాళ్ళు రీడ్‌మీ ఫైళ్ళలో ఒక మాట చేర్చి ‘డాక్యుమెంటేషన్ మెరుగుపరిచాను’ అంటూ పంపారు. జీతం లేకుండా ఆ ప్రాజెక్టులు చూసుకునేవాళ్ళు రోజంతా ఆ చెత్త ఎత్తిపోస్తూ కూర్చున్నారు. చివరికి, ఇష్టమని ముందే చెప్పిన ప్రాజెక్టులకి పంపితేనే లెక్క అని రూలు మార్చాల్సి వచ్చింది. 2024లో మళ్ళీ అదే తంతు. జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళందరికీ తెలిసిన ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకి, తమ పేరు రీడ్‌మీలో చేర్చమని వరదలా రిక్వెస్టులు. గుడి గోడ మీద బొగ్గుతో పేరు రాసినట్టు. ఆ పిల్లల్ని తిట్టాలనిపించదు. ఓపెన్‌సోర్స్‌లో కాంట్రిబ్యూషన్ ఉంటే రిక్రూటర్ చూస్తాడని ఎవరో చెప్పారు, వాళ్ళు నమ్మారు, అంతే.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇది కాదు. ఉద్యోగం పోయినప్పుడు రాసే పోస్టు.

2022 చివర్లో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. ఆ నెలల్లో వచ్చిన పోస్టులు గుర్తుచేసుకోండి. ఈ ప్రయాణానికి కృతజ్ఞతలు, అద్భుతమైన టీమ్, కొత్త అధ్యాయం కోసం ఎదురుచూస్తున్నాను. ఫోటో చుట్టూ ‘ఓపెన్ టు వర్క్’ పచ్చ వలయం. ఆ వలయం పెడితే గతిలేక వెతుకుతున్నట్టు కనిపిస్తామా అని దాని మీద మళ్ళీ చర్చ. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న తెలుగువాళ్ళకైతే ఉద్యోగం పోయాక సాధారణంగా అరవై రోజులే గడువు. ఆలోగా ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇల్లు, కారు, పిల్లల బడి అన్నీ మూటగట్టాలి. అలాంటి మనిషి, తెల్లారి లాగిన్ అవబోతే లాప్‌టాప్ తెరుచుకోని మనిషి, ఆ కంపెనీకే థాంక్స్ చెప్తూ పోస్టు రాస్తాడు. ఇంకేం రాయగలడు? తర్వాతి రిక్రూటర్ చదువుతాడు. కోపం బ్రాండ్‌కి పనికిరాదు. ‘నాకు అన్యాయం జరిగింది’ అన్న మామూలు తెలుగు వాక్యం కూడా పనికిరాదు. వందేళ్ళ కిందటి మిల్లు కార్మికుడు కూడా పనిలోంచి తీసేస్తే గేటు బయట నిలబడి యజమానిని తిట్టగలిగేవాడు.

సాహిత్యం చదివే మనకి ఇందులో ఏం పని అంటే, ఇదే పని. రావిశాస్త్రి వకీలు. కోర్టులూ, పోలీసులూ, సారా కేసులూ ఆయన వృత్తి. దాని గురించే రాశాడు, అది చదివితే కోర్టు మెట్లెక్కాలనిపించని విధంగా రాశాడు. ఇవాళ లక్షల మంది ఇంజనీర్లు రోజూ తమ పని గురించి రాస్తున్నారు. ఇంతమంది తమ పని గురించి ఇంతగా రాసిన కాలం ఇంకోటి ఉండదేమో. అందులో పని ఏదీ? అర్ధరాత్రి ప్రొడక్షన్ కూలితే బ్రిడ్జ్ కాల్‌లో ముప్పై మంది ఊపిరి బిగబట్టడం, క్లయింట్ పేరు బయటికి చెప్పకూడని ఎన్‌డీఏ, ఎవరో రాసి వదిలేసిపోయిన కోడ్‌ని మూడు నెలలు చదవడం, బెంచ్ మీద కూర్చున్న రోజుల భయం. ఇవేవీ రావు. రాస్తే ‘నెగటివ్’ అంటారు. ‘అల్పజీవి’ సుబ్బయ్యకి లింక్డిన్ ప్రొఫైల్ ఊహించడానికి ప్రయత్నించాను. హెడ్‌లైన్ దగ్గరే ఆగిపోయాను.

దీనికి ఎదురుగా ఒక గట్టి వాదన ఉంది. పెద్ద కాలేజీ పేరు లేదు, రిఫరల్ ఇచ్చే బావలూ బాబాయిలూ లేరు, నరసరావుపేట నుంచో సిద్దిపేట నుంచో వచ్చాను, నేను కనిపించేదెలా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నకి బ్రాండ్ జవాబు కాదు. ఆఫీసయ్యాక గంటసేపు ఇంగ్లీషులో సరదాగా, ధీమాగా రాయగలిగేది ఎవరు? ఇంటికెళ్ళి వంట చేసి పిల్లల్ని పడుకోబెట్టాల్సిన ఆవిడ కాదు, ఇంగ్లీషు వాక్యం రాసేముందు నాలుగుసార్లు దిద్దుకునే కుర్రాడూ కాదు. బావలున్నవాళ్ళకే ఇప్పుడు ఫాలోవర్లూ ఉన్నారు. అదే కుర్రాడు తనని ఏడిపించిన ఎర్రర్ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు పెట్టి, ఎలా పరిష్కరించాడో పది లైన్లు రాస్తే అది వేరే సంగతి. దాన్ని రాత్రి రెండింటికి అదే ఎర్రర్‌తో కొట్టుకుంటున్న ఎవరో వెతుక్కుంటూ వచ్చి చదువుతారు. అది రిక్రూటర్ కోసం రాసింది కాదు. దాన్ని వద్దనేవాడు మూర్ఖుడు.

నిజానికి మనిషిని చూసి పని తెలుసుకోవడం తీసుకునేవాళ్ళ బాధ్యత. దాన్ని వాళ్ళు దించుకుని అభ్యర్థి నెత్తిన పెట్టారు. ఇది చదువుతున్నవాళ్ళలో చాలామంది వారానికి ఒకట్రెండు ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చునేవాళ్ళే. కాల్‌కి ముందు అవతలివాళ్ళ లింక్డిన్ తెరవడం మానేయొచ్చు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ మానేసి, ఈ మధ్య ఏది పాడైతే బాగుచేశారని అడగొచ్చు, వీలైతే తెలుగులోనే. జవాబు రావడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ ఆగండి.