మెట్రో పక్కన పెరిగిన భూమి విలువలో మన వాటా ఏది?

2025 అక్టోబరులో రాయదుర్గంలో 7.67 ఎకరాల ప్రభుత్వ భూమిని వేలం వేస్తే ఎకరం 177 కోట్ల రూపాయలు పలికింది. రికార్డు ధర అని వార్తలు వచ్చాయి. రాయదుర్గం హైదరాబాద్ మెట్రో బ్లూ లైన్‌కు చివరి స్టేషన్. ఆ ధర వెనక ఐటీ కంపెనీలు ఉన్నాయి, వెడల్పాటి రోడ్లు ఉన్నాయి, 2019 నవంబరు నుంచి అక్కడికి వస్తున్న రైలు కూడా ఉంది. వీటిలో చాలావరకు ప్రజల సొమ్ముతో, ప్రజల భూమి మీద వచ్చినవే.

ప్రభుత్వ ఖర్చు వల్ల భూమి విలువ పెరిగినప్పుడు ఆ పెరుగుదల ఎవరికి చెందాలి? నగర ప్రణాళికలో ఇది పాత ప్రశ్న. దళితుల వైపు నుంచి మాత్రం దీన్ని మనం తగినంత గట్టిగా అడగలేదు. మెట్రో మీద మన చర్చ ఎక్కువగా ఛార్జీల దగ్గర, ఉద్యోగాల్లో రిజర్వేషన్ల దగ్గర ఆగిపోతోంది. రెండూ ముఖ్యమే. కానీ అసలు డబ్బు భూమిలో ఉంది. రెండో దశ గీతలు గీస్తున్న ఇప్పుడే దాని లెక్క అడగాలని మేం అనుకుంటున్నాం.

లెక్క ఎలా నడుస్తుంది

స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, అంటే 500 నుంచి 800 మీటర్ల లోపు, ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు కలిపి ఎత్తుగా, దట్టంగా కట్టుకోనివ్వడాన్ని ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్, పొట్టిగా టీఓడీ అంటున్నారు. జనం స్టేషన్ దగ్గరే ఉంటే కార్లు తగ్గుతాయి, రైలుకు ప్రయాణికులు పెరుగుతారు. ఆలోచన మంచిదే. దానికి రెండో సగం ఉంది. రైలు రాకతో పెరిగిన భూమి విలువలో కొంత రాబట్టి రైలు ఖర్చుకు వాడాలి. దీన్ని వాల్యూ క్యాప్చర్ అంటారు. 2017లో కేంద్రం తెచ్చిన మెట్రో రైలు విధానం, అదే ఏడాది వచ్చిన జాతీయ టీఓడీ విధానం ఈ రెండింటినీ రాష్ట్రాల ముందు పెట్టాయి.

అందరూ చూపించే నమూనా హాంకాంగ్. అక్కడ ప్రభుత్వం తనకే మెజారిటీ వాటా ఉన్న రైలు సంస్థకు స్టేషన్ల మీద, డిపోల మీద కట్టుకునే హక్కులు ఇస్తుంది. రైలు రాక ముందు ఉన్న ధర ప్రకారం ఆ సంస్థ ప్రభుత్వానికి సొమ్ము కడుతుంది. రైలు వచ్చాక పెరిగిన ధరకు ఆ హక్కులు బిల్డర్లకు వెళ్తాయి. మధ్యలో మిగిలిన తేడాతో పట్టాలు వేస్తారు. పాత ధర, కొత్త ధర, వాటి మధ్య తేడా ఎవరి చేతికి వెళ్తోంది అన్నదే ఈ లెక్కకంతటికీ కీలకం.

మిగతా నగరాలకు ఇంకో దారి ఉంది. స్థలం మీద ఎంత అంతస్తుల విస్తీర్ణం కట్టవచ్చో పరిమితి పెట్టి, స్టేషన్ల దగ్గర అదనపు విస్తీర్ణాన్ని డబ్బుకు అమ్ముకోవచ్చు. హైదరాబాద్‌లో ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. 2006 నుంచి ఇక్కడ అలాంటి పరిమితే లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎంత ఎత్తైనా కట్టవచ్చు. ఇంపాక్ట్ ఫీజు లాంటివి ఉన్నా, స్టేషన్ పక్కన ప్రైవేటు స్థలం విలువ పెరిగితే ఆ లాభంలో పెద్ద భాగం యజమానిదే. ఇక ప్రభుత్వానికి మిగిలింది తన చేతిలో ఉన్న భూమి, లేదా ఎవరి నుంచైనా తీసుకోగలిగిన భూమి.

269 ఎకరాలు

2008లో మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం మెట్రో టెండరు గెలిచింది. ప్రభుత్వం నుంచి పైసా అడగకపోగా, తామే 30,311 కోట్లు తిరిగి ఇస్తామన్నారు. రైలు టికెట్లతో ఇది సాధ్యం కాదని అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. దీని వెనక భూముల మీద లాభం ఉద్దేశం ఉందని హెచ్చరించారు. సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ కన్సార్షియం నిధులు సమకూర్చుకోలేకపోయింది. 2009లో ఒప్పందం రద్దయింది.

2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ నిధులతో పాటు 269 ఎకరాల ప్రభుత్వ భూమి మీద 1.85 కోట్ల చదరపు అడుగుల వరకు కట్టుకునే హక్కు దానికి దక్కింది. మియాపూర్, నాగోల్, ఫలక్‌నుమా డిపోల దగ్గర 212 ఎకరాలు, 25 స్టేషన్ల దగ్గర 57 ఎకరాలు. ఆదాయంలో 50 శాతం టికెట్ల నుంచి, 45 శాతం ఆస్తుల నుంచి, 5 శాతం ప్రకటనల నుంచి వస్తుందని లెక్క వేశారు. పంజగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ వచ్చాయి. అనుమతించిన విస్తీర్ణంలో కట్టింది చిన్న భాగమే. భూమి నుంచి రావాల్సింది రాకపోతే ఆ భారం టికెట్ మీద పడుతుంది. 2025 మేలో గరిష్ఠ ఛార్జీని 60 రూపాయల నుంచి 75కు పెంచి, విమర్శలు వచ్చాక 69కి తగ్గించారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఉచితంగా వెళ్తున్న పారిశుద్ధ్య కార్మికురాలికి ఈ రైలు ఎందుకు అందదో వేరే చెప్పనక్కర్లేదు.

2025 సెప్టెంబరులో కథ మళ్లీ మలుపు తిరిగింది. మొదటి దశను ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. దాదాపు 13,000 కోట్ల అప్పును ప్రభుత్వం తలకెత్తుకుంటుంది, ఈక్విటీకి మరో 2,000 కోట్లు చెల్లిస్తుంది. అప్పు ప్రజలదైనప్పుడు ఆ 269 ఎకరాల మీద హక్కులూ ప్రజలవే కావాలి. ఆ భూమిని తర్వాత ఏం చేస్తారన్న చర్చ మాత్రం ఎక్కడా పెద్దగా వినిపించడం లేదు.

పాత ధరకు పోయేది ఎవరిది

హాంకాంగ్ లెక్కలో పాత ధర లాభం రైలు సంస్థకు వెళ్తుంది. మన దగ్గర పాత ధర దళితుడి చేతిలో పెడతారు. కొత్త ధర ఇంకొకరికి వెళ్తుంది. దీనికి కారణం మన చేతిలో ఉన్న భూమి హక్కు స్వభావమే.

నగరం చుట్టూ దళిత కుటుంబాలకు ఉన్న భూమిలో ఎక్కువ భాగం ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్ముకోకూడదు. ఆ రక్షణ అవసరమే, లేకపోతే అది ఎప్పుడో చేతులు మారిపోయేది. కానీ ప్రజావసరం పేరుతో ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చన్న షరతు కూడా ఆ పట్టాలోనే ఉంటుంది. అంటే ధర పెరిగితే రైతు అమ్ముకోలేడు, ప్రభుత్వం మాత్రం తీసుకోగలదు. అలా తీసుకున్నా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ, సొలేషియం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ కేసు వచ్చింది చేవెళ్ల డివిజన్ నుంచే. 2013 భూసేకరణ చట్టం కూడా అసైన్డ్ భూమి హక్కుదారుని భూయజమాని నిర్వచనంలో చేర్చింది. అయినా ఆ తర్వాత ఫార్మా సిటీ కోసం కందుకూరు, యాచారం వైపు భూములు తీసుకున్నప్పుడు పట్టా భూమికి ఒక రేటు, అసైన్డ్ భూమికి అంతకంటే తక్కువ రేటు ఇచ్చారు. ఇప్పుడు శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఫ్యూచర్ సిటీకి దాదాపు 40 కిలోమీటర్ల మెట్రో వేయాలని చూస్తున్నది ఆ ప్రాంతానికే.

మార్కెట్ విలువ ఇచ్చినా సమస్య తీరదు. 2013 చట్టం ప్రకారం ఆ విలువను రిజిస్ట్రేషన్ ధరల నుంచి, గత మూడేళ్ల అమ్మకాల నుంచి తీస్తారు. అంటే అది ఎక్కువగా రైలు రాక ముందు ధరే. అమ్మకమే నిషిద్ధమైన భూమికి అమ్మకాల లెక్క ఎక్కడి నుంచి తెస్తారు?

నగరం లోపల పరిస్థితి వేరు, ఫలితం అదే. సుల్తాన్ బజార్ వ్యాపారులు మెట్రో మార్గాన్ని ఏళ్ల తరబడి వివాదంలో ఉంచగలిగారు. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. వాళ్ల దగ్గర దుకాణాలు, కాగితాలు, సంఘాలు ఉన్నాయి. స్టేషన్ మెట్ల కింద మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె దగ్గర అవేవీ లేవు. పాతబస్తీ మార్గంలో ఆస్తులు పోయినవాళ్లకు చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున చెక్కులు ఇచ్చారు. అద్దెకున్నవాళ్లు, ఆ దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఆ గజాల లెక్కలో కనిపించరు. 2013 చట్టం మాత్రం మూడేళ్లుగా అక్కడ ఉంటున్నవాళ్లను, అక్కడి పని మీద బతుకుతున్నవాళ్లను కూడా బాధిత కుటుంబాలుగానే చూస్తుంది. పునరావాసం బదులు ఒకేసారి డబ్బిచ్చి పంపేయడానికి 2017 తెలంగాణ సవరణ వీలు కల్పించింది.

ఇళ్లు ఒకచోట, రైలు ఒకచోట

2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్ల కాలనీని ప్రారంభించారు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, మెట్రో లేని చోట. పేదల ఇళ్లకు నగరంలో స్థలం దొరకలేదన్నది ఎప్పుడూ చెప్పే కారణం. అదే ప్రభుత్వానికి డిపోల దగ్గర, స్టేషన్ల దగ్గర 269 ఎకరాలు దొరికాయి. అవి మాల్స్‌కు, ఆఫీసులకు పోయాయి. ఇళ్ల పనికి, ఆసుపత్రి పనికి, ఊడ్చే పనికి రోజూ నగరం మధ్యకు రావాల్సిన కుటుంబాలను అంచుకు పంపి, కార్లున్నవాళ్ల కోసం స్టేషన్ పక్కన కట్టడం టీఓడీ అసలు ఉద్దేశానికే విరుద్ధం. స్టేషన్ ప్రభావ ప్రాంతంలో బలహీనవర్గాలకు, అందుబాటు ధర ఇళ్లకు కనీస వాటా తప్పనిసరి చేయాలని జాతీయ టీఓడీ విధానమే సూచించింది.

రెండో దశలో అడగాల్సినవి

2024 నవంబరులో రాష్ట్రం ఆమోదించిన రెండో దశలో ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల ఖర్చు ఉన్నాయి. రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం, రుణాలు 48 శాతం, ప్రైవేటు భాగస్వామ్యం 4 శాతం. దాని తర్వాతి భాగంగా మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీల వైపు మరో 86.1 కిలోమీటర్లకు 2025 జూన్‌లో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఈసారి సగానికి దగ్గరగా అప్పే. ఆ అప్పు తీర్చడానికి మళ్లీ భూమి వైపే చూస్తారు. అందుకే మనం ఇప్పుడే అడగాల్సినవి ఇవి.

ఒకటి, స్టేషన్ల కోసం, వాటి చుట్టూ అభివృద్ధి కోసం అసైన్డ్ భూమి తీసుకుంటే 2013 చట్టం కిందే తీసుకోవాలి. పట్టా షరతు చూపించి వెనక్కి తీసుకోవడం ఆపాలి. ఇది కాగితం పేరు మార్పు కాదు. పట్టణీకరణ కోసం భూమి తీసుకుంటే అభివృద్ధి చేసిన భూమిలో 20 శాతాన్ని సేకరణ, అభివృద్ధి ఖర్చుకే భూమి కోల్పోయినవాళ్లకు ఇవ్వజూపాలని ఆ చట్టం రెండో షెడ్యూలు చెబుతోంది. ఏ అభివృద్ధీ చేయకుండా ఎక్కువ ధరకు చేతులు మారిస్తే పెరిగిన విలువలో 40 శాతం పంచాలని 102వ సెక్షన్ చెబుతోంది. వెనక్కి తీసుకునే దారిలో వెళ్తే ఈ రెండూ ఎగ్గొట్టవచ్చు.

రెండు, ప్రభుత్వం చేతికి వచ్చే మొదటి దశ భూముల్లో ఇళ్లకు నిర్దిష్ట వాటా, అందులో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వాటా ముందే రాయాలి. అవి అద్దె ఇళ్లైనా సరే. అమ్ముకోలేని అద్దె ఇల్లు రియల్ ఎస్టేట్ చేతికి పోదు.

మూడు, ప్రతి స్టేషన్ దగ్గరా 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, వెండింగ్ జోన్ గుర్తించాకే నిర్మాణ ప్రణాళిక ఖరారు చేయాలి. సర్వే పూర్తయ్యే దాకా ఎవరినీ తొలగించకూడదని ఆ చట్టమే చెబుతోంది. సర్టిఫికెట్లలో ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ చెబుతోంది.

నాలుగు, మెట్రో ఖర్చులో ఏ భాగాన్నీ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక నిధి పద్దులో చూపకూడదు. విభజించలేని మౌలిక వసతుల పనుల్లో కొంత వాటాను ఉపప్రణాళిక కింద ఖర్చు పెట్టినట్టే భావించడానికి 2013 ఉపప్రణాళిక చట్టం 11వ సెక్షన్ తలుపు తెరిచింది. ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలకు ఎస్సీ నిధులు మళ్లించారని 2010లో అప్పటి కేంద్ర హోంమంత్రి పార్లమెంటులోనే ఒప్పుకోవాల్సి వచ్చింది. మన భూమి పోయిన చోటే మన నిధీ పోకూడదు.

మెట్రో ప్రభుత్వం చేతికి రావడమే విజయమని కొందరు మిత్రులు అంటున్నారు. అది అవసరమైన అడుగే. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో అంబేడ్కర్ కీలక పరిశ్రమలు, వ్యవసాయ భూమి రాజ్యం చేతిలో ఉండాలన్నారు. అదే పత్రంలో ఆ రాజ్యంలో షెడ్యూల్డు కులాలకు ప్రాతినిధ్యం, రక్షణలు కూడా అడిగారు. రెండోది లేకుండా మొదటిది చాలదని ఆయనకు తెలుసు. రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు అమ్మింది కూడా ప్రభుత్వ సంస్థే.

పై నాలుగు డిమాండ్లలో మూడు ఇప్పటికే ఉన్న చట్టాల మీద, విధానాల మీద నిలబడినవి. విద్యార్థి సంఘాలు, బస్తీ కమిటీలు తమ మార్గంలో రాబోయే స్టేషన్ల జాబితా తీసుకుని, ఒక్కో స్టేషన్ చుట్టూ 500 మీటర్లలో అసైన్డ్ భూమి ఎంత, అద్దె కుటుంబాలు ఎన్ని, బండ్లు ఎన్ని అని ఇప్పుడే రాసిపెట్టుకుంటే రేపు బాధితుల జాబితా అధికారులు ఒక్కరే తయారు చేసే పరిస్థితి ఉండదు. సర్వే నంబర్లు, సమాచార హక్కు దరఖాస్తుల పనిలో మేం తోడుంటాం. స్తంభాలు లేచాక ఈ లెక్క కట్టడం చాలా కష్టం.